వెండి మీద చేత్తో పేరు చెక్కడం ఎలా? ముందు రాగి రేకు, తర్వాత భరిణె

మన ఇళ్లలో ఏ స్టీలు గిన్నె తిరగేసినా అడుగునో అంచునో ఒక పేరు ఉంటుంది. నెల్లూరైనా ఒంగోలైనా పాత్రల షాపులో కొన్న వెంటనే కరెంటు పెన్నుతో గిర్రుమని రాసిచ్చేస్తారు. ఆ పెన్ను మొన అదురుతూ లోహం మీద చుక్కలు పొడుస్తుంది. చుక్కలు దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి గీతలా కనిపిస్తుంది, అంతే. చేత్తో చెక్కడం వేరే పని. ఇక్కడ పదునైన ఉలి లోహాన్ని కోసి, సన్నటి పొరగా బయటికి తీస్తుంది. గాడి గోడలు నున్నగా ఉంటాయి కాబట్టి వెలుతురు పడగానే అక్షరం మెరుస్తుంది. వెండి కుంకుమ భరిణె మీద అమ్మ పేరు ఇలా చెక్కి ఇస్తే ఆ అందమే వేరు.

ఈ ప్రాంతానికి ఈ పని కొత్త కాదు. ఒంగోలు దగ్గర చెందలూరులో పల్లవుల కాలం నాటి రాగి రేకుల శాసనం దొరికింది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను అచ్చు వేయించినప్పుడు రాతి శాసనాలతో పాటు రాగి రేకులనూ చేర్చారు. దానాలు రాయించడానికి ఆనాటి రాజులు ఎంచుకున్న లోహమే నేర్చుకునేవాళ్లకూ మంచిది. వెండి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు ఏమేం కావాలి

ఉలి అనగానే సుత్తితో కొట్టేది గుర్తొస్తుంది. ఇది కొట్టే ఉలి కాదు, అరచేత్తో నెట్టే ఉలి. షాపుల్లో గ్రేవర్ అని అడగండి. నెల్లూరు ఆచారి వీధి చుట్టుపక్కల నగల పనిముట్లు అమ్మే షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మొదట ఒక్కటి చాలు: హై స్పీడ్ స్టీలుతో చేసిన, 120 డిగ్రీల వి-మొన ఉన్న ఉలి. పన్నెండు ఉలుల సెట్టు చూసి ఆశపడొద్దు. వాటిలో చాలావాటికి సరిగ్గా సాన పట్టి ఉండదు, పైగా పన్నెండింటినీ పదును పెట్టుకునే ఓపిక మొదట్లో ఎవరికీ ఉండదు.

పిడి మీ చేతికి సరిపోవాలి. పిడి గుండు అరచేతిలో ఒదిగి, చూపుడువేలు ఉలి మీద ఆనినప్పుడు మొన బొటనవేలి చివర దాటి ఒకటి రెండు సెంటీమీటర్లే బయటికి రావాలి. అంతకంటే పొడుగైతే ఉలి చేతి మాట వినదు. కొలత ఇచ్చి చేయించుకోగలిగితే ఇంకా మంచిది. చెక్క గరిటెలకు, స్పూన్లకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఉదయగిరి మన దగ్గరే ఉంది. అలాంటి చెక్కపని తెలిసినవాళ్లకు ఈ పిడి చెయ్యడం కష్టమేమీ కాదు.

సాన పట్టడానికి 600, 1200 నంబర్ల డైమండ్ రాళ్లు రెండు, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి, తలకి తగిలించుకునే భూతద్దం ఒకటి కొనండి. కళ్లజోడు తప్పనిసరి, ఎందుకంటే విరిగిన ఉలి మొన ఎటు ఎగురుతుందో చెప్పలేం. సాధన చేయడానికి ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం రాగి రేకు తీసుకోండి. రేకుని నున్న చేయడానికి చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి సంపాదించండి. పాలిష్ పట్టిన రాయి మీద 600 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, తడిపి, రేకుని దాని మీద రుద్దితే సమంగా వస్తుంది. చేత్తో కాగితం పట్టుకుని రుద్దితే అంచులు వాలిపోతాయి.

పదును: సగం విద్య ఇక్కడే

కొత్తగా నేర్చుకునేవాళ్లు మధ్యలో వదిలేశారంటే చాలాసార్లు కారణం చేతులు కాదు, మొద్దు ఉలి. అందుకే నేను మొదటి వారమంతా సానకే ఇవ్వమంటాను.

ఉలికి మూడు చోట్ల పని ఉంటుంది. ముందుకి వాలుగా కనిపించే ముఖం 45 డిగ్రీల కోణంలో ఉండాలి. అడుగున వి ఆకారం. ఆ వి చివర, మొనకి సరిగ్గా కింద, రెండు చిన్న పట్టీలు సాన పడతారు. దాన్ని మడమ అనుకుందాం. మడమ ఉండబట్టే ఉలి వెనక భాగం లోహానికి 15 నుంచి 20 డిగ్రీల ఎత్తులో లేచి, వేళ్లకి చోటు దొరుకుతుంది. మడమ పొడవు అర మిల్లీమీటరు లోపే ఉండాలి. అది పొడుగైతే వంపుల దగ్గర మడమ వెనక తోక గాడి అంచుని రుద్దేసి, గీత పక్కన మసక మరక వదులుతుంది. మీ గుండ్రటి గీతల బయటి అంచు గరుగ్గా వస్తోందంటే ముందుగా చూడాల్సింది ఇదే.

కోణం చేత్తో నిలవదు. 45 డిగ్రీలకి కోసిన చెక్కముక్కని సానరాయి మీద ఆనించి, దాని వాలు వెంట ఉలిని జరపండి. కాస్త డబ్బు పెట్టగలిగితే కోణం బిగించే చిన్న పరికరాలు దొరుకుతాయి, కొనదగ్గవే. 600 మీద ఆకారం, 1200 మీద నునుపు. మడమని చివర్లో చదునైన చెక్క మీద డైమండ్ పేస్టు రాసి మెరిసేదాకా రుద్దండి. ఉలి ఎంత మెరిస్తే గాడి అంత మెరుస్తుంది.

పదును చూసే పద్ధతి: మొనని బొటనవేలి గోరు మీద బరువు వెయ్యకుండా ఆనించి కొంచెం నెట్టండి. జారితే మొద్దు, గోరుని పట్టుకుంటే పదును. భూతద్దంలో చూస్తే మొన దగ్గర తెల్లగా ఒక చుక్క మెరుస్తుందా? అది విరిగిన చోటు. నిజంగా పదునైన మొన మీద వెలుగు నిలవదు.

రేకుని నిలబెట్టడం

దళసరి తోలుతో గానీ టెంటు గుడ్డతో గానీ జానెడు గుండ్రటి సంచి కుట్టి, జల్లించి ఎండబెట్టిన ఇసుక బిర్రుగా నింపండి. పెన్నా ఇసుక అయినా సరే, మట్టి లేకుండా ఉంటే చాలు. రేకుని నున్నటి చెక్క దిమ్మకి అతికించి, దిమ్మని సంచి మీద పెట్టండి. అతికించడానికి మన కంసాలులు వాడే లక్కే మేలు. లక్కని సన్న సెగ మీద మెత్తబరిచి, ఇటుక పొడి కలిపి, దిమ్మ మీద పరిచి, రేకుని కొంచెం వేడి చేసి అద్దండి. పని అయ్యాక మళ్లీ వేడి చేస్తే ఊడొస్తుంది, మిగిలిన మరక స్పిరిట్‌తో పోతుంది. వేడి లక్క చర్మానికి అంటుకుంటే వదలదు, జాగ్రత్త.

మొదటి గీతలు

పిడి అరచేతిలో, చూపుడువేలు ఉలి వీపు మీద, బొటనవేలు రేకు మీద. బొటనవేలే బ్రేకు. ఉలి దాని పక్కనుంచి జారుతూ వెళ్లాలి, బొటనవేలు మాత్రం కదలకూడదు. రెండో చెయ్యి ఎప్పుడూ మొనకి ఎదురుగా ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చేతి గాయాలు చాలావరకు తప్పుతాయి.

మొనని దించడానికి పిడిని కొంచెం ఎత్తండి. లోహంలో దిగగానే పిడి దించి, అదే లోతులో ముందుకి నెట్టండి. లోతు మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా చాలు. సరిగ్గా కోస్తుంటే ముందు నుంచి రాగి పొర పెన్సిల్ చెక్కినప్పటి తొక్కలా చుట్టుకుంటూ లేస్తుంది. పొడిలా రాలుతుంటే మొన మొద్దుబారింది. ఉలి ఉన్నట్టుండి లోపలికి దిగబడి ఆగిపోతే పిడి మరీ ఎత్తులో ఉంది. బలవంతంగా నెడితే మొన విరుగుతుంది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. గీత చివర పిడిని ఇంకా కిందికి దించితే పొర తెగి, కొన సన్నగా ముగుస్తుంది.

సెంటీమీటరు పొడవు గీతలు, మిల్లీమీటరు ఎడంతో, రేకు నిండా. ఇది విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని దాటేసి అక్షరాలకి పోవద్దు. రాగి కొంచెం జిగురు లోహం, ఉలికి అంటుకుంటుంది. మొనకి కుట్టుమిషను నూనె చుక్క తాకిస్తుంటే తేలికవుతుంది. ఇత్తడి ఇంకా శుభ్రంగా తెగుతుంది. రాగితో అలసిపోయినప్పుడు ఒక ఇత్తడి ముక్క తీసుకోండి, చేతికి ధైర్యం వస్తుంది.

తెలుగు అక్షరం: సున్న దగ్గర పరీక్ష

ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి నిలువు, అడ్డం గీతలు చాలావరకు సరిపోతాయి. మనకి అలా కుదరదు, ప్రతి అక్షరంలోనూ వంపే. చెక్కడం నేర్చుకునే తెలుగువాళ్లు సున్నతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. సున్న వస్తే ర, ద, ఠ అన్నీ దారికొస్తాయి.

నెల్లూరులో ఒక పెద్దాయన పని చూస్తూ నేను వంపుకి మణికట్టు తిప్పుతుంటే ఒకే మాట అన్నారు: "చెయ్యి తిప్పబాకయ్యా, రేకు తిప్పు." ఈ విద్య అంతా ఆ మాటలో ఉంది. ఉలి పట్టిన చెయ్యి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఎడమ చెయ్యి ఇసుక సంచిని తిప్పుతూ లోహాన్ని మొనకి అందిస్తుంది. సంచి గుండ్రంగా కుట్టమన్నది అందుకే.

సున్నని ఒకే కోతలో పూర్తి చెయ్యాలని చూడకండి. పై కొసన సన్నగా మొదలుపెట్టి, పక్కకి వచ్చేసరికి ఉలిని కొద్దిగా వాల్చండి. వాల్చినప్పుడు గీత వెడల్పవుతుంది, ఒక గోడ వెడల్పై తళుక్కుమంటుంది. కింది కొసకి వచ్చేసరికి ఉలిని మళ్లీ నిలబెట్టి సన్నగా ముగించండి. తర్వాత రేకుని తిప్పుకుని రెండో సగం కూడా అలాగే. రెండు సగాలూ సన్నటి కొసల దగ్గర కలుస్తాయి కాబట్టి అతుకు కనపడదు. తలకట్టు చివర్లో వెయ్యండి: ఒక చిన్న దిగుడు, వెంటనే ఒక పొడవాటి లేపు. ఒత్తులు, గుడులు అక్షరం కంటే సన్నటి గీతతో ఉంటే పేరు బరువుగా అనిపించదు.

ఉలి పట్టని సమయంలో మార్కాపురం పలక మీద బలపంతో అవే అక్షరాలు రాయండి, ఎక్కడ లావు ఎక్కడ సన్నం అన్నది చూసుకుంటూ. చేతికి తెలియని అక్షరాన్ని ఉలి చెక్కలేదు.

రేకు మీదికి పేరు ఎక్కించడం సులువు. తెల్ల పోస్టర్ రంగు పల్చగా పూసి ఆరబెట్టి, పెన్సిల్‌తో రాసి, సూదితో ఆ గీతల వెంట గీరండి. రంగు కడిగేస్తే సూది గీతలు మిగులుతాయి, ఉలికి అవే దారి.

ఇక వెండి

రాగి మీద మీ పేరు మీకు నచ్చేలా వచ్చాక వెండి పట్టండి. శుద్ధ వెండి మరీ మెత్తన, ఉలి కింద చిరిగినట్టు వస్తుంది. 925 వెండిలో వెయ్యికి 75 పాళ్లు రాగి లాంటి వేరే లోహం కలుస్తుంది కాబట్టి కాస్త గట్టిపడి శుభ్రంగా తెగుతుంది. మొదటిసారి 925 ముద్ర ఉన్న చదును బిళ్ల కొనుక్కోండి. అమ్మమ్మ ఇచ్చిన గ్లాసు మీద ప్రయోగం చెయ్యొద్దు. జర్మన్ సిల్వర్‌లో అసలు వెండే ఉండదు, అది రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. వెండి పూత వేసిన వస్తువుని చెక్కితే గాడిలో కింది లోహం రంగు బయటపడుతుంది.

భరిణె, గిన్నె లాంటి డొల్ల వస్తువులు లోపల ఆసరా లేకపోతే నొక్కుకుపోతాయి. లోపల లక్క మిశ్రమం నింపి, చల్లారాక చెక్కాలి. రేకు మరీ పల్చనైతే గీత అవతలికి పోతుంది, అలాంటి వస్తువుని వదిలెయ్యడమే మేలు. కింద తెల్ల కాగితం పరుచుకుంటే రాలిన వెండి పొరలు పోగుచేసుకోవచ్చు.

ఉలి జారి గీత పడితే కంగారు వద్దు. నున్నటి గట్టి ఉక్కు ముక్కతో ఆ గీత అంచులని లోపలికి నొక్కుతూ రుద్ది, 1200 ఎమరీతో సమం చేస్తే పైపై గీతలు పోతాయి. చెక్కాక మాత్రం బఫింగ్ చక్రానికి ఇవ్వకండి. అది అక్షరాల అంచులన్నీ అరగదీసి, మీ వారం పని నిమిషంలో పోగొడుతుంది.

పేరు నల్లగా కనపడాలంటే మందులు కొనక్కర్లేదు. బాగా ఉడికిన కోడిగుడ్డుని వేడిగా ఉండగానే పచ్చసొనతో సహా చిదిమి, వెండిని దానికి తగలకుండా అదే డబ్బాలో పెట్టి మూత బిగించండి. గుడ్డులోని గంధకం ఆవిరికి వెండి నల్లబడుతుంది. కావలసినంత నలుపు రాగానే తీసి, చేతివేలికి గుడ్డ చుట్టి విభూదితో పైపైన తుడవండి. పైభాగం తెల్లబడుతుంది, గాడిలో నలుపు ఉండిపోతుంది.