శ్రమకాలానికి సంఘాన్ని సిద్ధపరచడం ఎలా

2027లో శ్రమకాలం (శ్రమల దినాలు) మొదలయ్యే బూడిద బుధవారం ఫిబ్రవరి 10న, ఆ కాలం ముగిసి వచ్చే పునరుత్థాన పండుగ (ఈస్టర్) మార్చి 28న వస్తున్నాయి. క్రిస్మస్, నూతన సంవత్సరపు ఆరాధనలు, ఆ వెంటనే సంక్రాంతికి ఊళ్లకు వచ్చిపోయే బంధువుల సందడి ముగిసేసరికి సంఘం చేతిలో మిగిలేది మూడు వారాల పైచిలుకు మాత్రమే. ఆ మూడు వారాలను ఎలా వాడుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. ప్రధానంగా సి.ఎస్.ఐ.కి (దక్షిణ భారత సంఘానికి) చెందిన పల్లె పాస్టరేట్లను, అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘాలను, చిన్న పట్టణాల సంఘాలను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. లూథరన్, మెథడిస్టు సంఘాల వారు తమ ఆరాధన క్రమానికి తగినట్టు సవరించుకోవచ్చు.

తేదీలు ఏటేటా మారడానికి కారణం పెద్దలకు తెలిసినదే అయినా యవనస్థులకు ఒకసారి చెప్పడం మంచిది. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం పునరుత్థాన పండుగ. అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి లెక్కిస్తే బూడిద బుధవారం తేలుతుంది. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు ప్రభువు లేచిన దినపు జ్ఞాపకాలు గనుక ఉపవాస దినాల లెక్కలోకి రావు, మిగిలినవి నలభై.

పండుగ ఇలా ముందుగా వచ్చిన సంవత్సరంలో మన పల్లెలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాలలో మిరప కోతలు ముమ్మరంగా సాగేది సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. సంఘ సభ్యులలో చాలామంది స్త్రీలు తెల్లవారకముందే వంట ముగించి, ఆటోలలో పొరుగూరి చేలకు వెళ్లి, పొద్దుగూకాక ఇంటికి చేరుతారు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలూ ఆ రోజుల్లోనే. కాబట్టి నేను అన్నిటికంటే ముందు చెప్పదలచిన మాట ఇది: శ్రమల దినాల కార్యక్రమాన్ని జీతగాళ్ల, పెన్షనుదారుల తీరికను బట్టి కాక, సంఘంలో అందరికంటే ఎక్కువ గంటలు పనిచేసే కూలి కుటుంబపు రోజును బట్టి వేయాలి. ఆ కుటుంబం పాల్గొనగలిగిన కూటంలో మిగిలిన అందరూ పాల్గొనగలరు; మిగిలిన అందరికీ కుదిరిన వేళ ఆ కుటుంబానికి కుదరకపోవచ్చు.

సంక్రాంతి తరువాతి ఆదివారమే పాస్టరేట్ కమిటీ కూర్చోవాలి. ఆ కూటానికి స్త్రీల మైత్రి, యవనస్థుల సమాజం, సండేస్కూలు బాధ్యులతో పాటు, కోతలకు మనుషులను తీసుకువెళ్లే ముఠా మేస్త్రి సంఘ సభ్యుడైతే అతనిని కూడా తప్పక పిలవాలి. ఏ వారంలో ఎవరు ఏ ఊరి చేలో ఉంటారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో పాస్టరు అయ్యగారికంటే అతనికే బాగా తెలుస్తుంది. అతను చెప్పిన వేళను బట్టి సాయంకాలపు ప్రార్థన ఆరింటికా, ఎనిమిదింటికా అన్నది తేల్చాలి. నా అభిప్రాయంలో కోతల ఊళ్లలో ఎనిమిది గంటలకు ముందు మొదలుపెట్టిన కూటం సగం సంఘానికి తలుపు మూసినట్టే.

పెండ్లిళ్ల విషయం మాత్రం ఆ కూటం వరకు ఆగకుండా ముందే తేల్చుకోవాలి. మన సంఘాలలో శ్రమల దినాలలో పెండ్లిళ్లు జరిపించకపోవడం చాలాచోట్ల ఆచారం. అయితే పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి. ఫిబ్రవరి 9 లోగా పెండ్లి కావాలంటే మొదటి ప్రకటన జనవరి 17న, లేదా బొత్తిగా ఆలస్యమైతే 24న పడి తీరాలి. క్రిస్మస్ నాటి ఆరాధనలోనే ఈ తేదీలను వినిపిస్తే, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టేసి చివరి వారంలో అయ్యగారి ఇంటికి పరుగెత్తుకొచ్చే కుటుంబాలకూ, వాళ్లకు కాదని చెప్పవలసిన అయ్యగారికీ ఆ వేదన తప్పుతుంది.

తరువాతిది కష్టమైన పని: సమాధానపరచడం. కమిటీ ఎన్నికలలో మాట పడినవారు, పొలం గట్టు దగ్గర తగువు పడినవారు, కోడలి విషయంలో మాటలు మానుకున్న వియ్యంకులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. బలిపీఠం ఎదుట అర్పణను విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఆజ్ఞాపించాడు గనుక, పశ్చాత్తాపపు ఆరాధనకు ముందే ఈ పని మొదలుకావాలి. ఇద్దరినీ గుడికి పిలిచి పంచాయతీ పెట్టడం వల్ల తగువు మరో నలుగురికి తెలియడం తప్ప ప్రయోజనం తక్కువ. అయ్యగారు, ఇరువురికీ పెద్దరికం ఉన్న ఒక సంఘ పెద్ద కలిసి, ముందుగా నొచ్చుకున్నవారి ఇంటికి, తరువాత రెండోవారి ఇంటికి విడివిడిగా వెళ్లాలి. మొదటి దర్శనంలో తీర్పు చెప్పకూడదు. విని, ప్రార్థించి రావాలి. రెండోసారి వెళ్లినప్పుడు మాత్రమే, “శ్రమల దినాలు దాటకముందే ఒకసారి కలిసి కూర్చుందామా, అన్నా?” అని అడగాలి. కొందరు ఒప్పుకోరు. వారిని ప్రభువు భోజన సంస్కారపు బల్ల దగ్గర నుంచి దూరం చేస్తామని బెదిరించడం నాకు సమ్మతం కాదు; నలభై రోజులూ వారి పేర్లు అయ్యగారి ప్రార్థనలో ఉండాలి, పుల్పిట్ ప్రసంగాలలో ఉదాహరణలుగా మాత్రం ఉండకూడదు.

బూడిద తయారీ చిన్న పనే గాని శ్రద్ధతో చేయవలసినది. నొసట బూడిద పెట్టే ఆచారం మన సంఘాలన్నిటిలో లేదు. కొన్నింటిలో ఆ రోజు ఒప్పుకోలు ప్రార్థన, వాక్యం, సంస్కారం మాత్రమే జరుగుతాయి. పెట్టే సంఘాలు మాత్రం నిరుడు మట్టల ఆదివారం (పునరుత్థాన పండుగకు ముందు ఆదివారం) నాడు ఇండ్లకు తీసుకువెళ్లిన మట్టలను రెండు వారాల ముందే తిరిగి తెమ్మని ప్రకటించాలి. బైబిలులోనో, తలుపు మీదనో, పటం వెనుకనో పెట్టిన ఈత మట్టలు, కొబ్బరి ఆకులు ఈపాటికి ఎండి పెళుసుగా ఉంటాయి. వాటిని చిన్నచిన్న ముక్కలుగా తుంచి, ఆరుబయట గాలి తగలని మూల, పాత ఇనుప మూకుట్లో కొద్దికొద్దిగా కాల్చాలి. పూర్తిగా చల్లారాక చేత్తో నలిపి, పలుచని నూలు గుడ్డలో వేసి జల్లిస్తే ఆకుల ఈనెల పొడి పైన నిలిచి మెత్తని నల్లని బూడిద కిందికి దిగుతుంది. సంఘమంతటికీ గుప్పెడు సరిపోతుంది. తడపవలసి వస్తే ఒకటి రెండు చుక్కల నూనె వేయాలి; నీళ్లు మాత్రం కలపకూడదు. బూడిదలో నీళ్లు కలిస్తే పుట్టే క్షారానికి చర్మం మండుతుంది, పసిపిల్లల నొసలు పొక్కిపోతుంది. “నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు” అన్న ఆదికాండపు మాటను బూడిద పెట్టేటప్పుడు ప్రతి ఒక్కరికీ వినబడేలా, తొందరపడకుండా పలకాలి. చిన్నపిల్లకూ, ఎనభై ఏళ్ల తాతకూ అదే మాట.

గుడిలో చేయవలసిన మార్పులు ఎక్కువేమీ కావు. ఊదా రంగు బల్లగుడ్డను, పుల్పిట్ గుడ్డను పెట్టెలో నుంచి తీసి, చెదలు, చిల్లులు చూసుకొని, ఉతికి ఇస్త్రీ చేయించాలి. బల్ల మీద పూలు, క్రిస్మస్ నాటి తోరణాలు, నక్షత్రాలు మంగళవారం సాయంకాలానికి తీసివేయాలి. హల్లెలూయ పాటలను పండుగ వరకు పక్కన పెట్టి, సిలువ ధ్యాన కీర్తనలను పాడే సంఘాలలో క్వైరువారు ముందుగానే వరుసలు సాధన చేసుకోవాలి. పాత కీర్తనల రాగాలు యవనస్థులకు రావు గనుక, ఒకరిద్దరు పెద్దమ్మలను కూర్చోబెట్టి పాడించుకుని నేర్చుకుంటే వరుస చెడదు.

ఇక గృహ ప్రార్థనలు. చాలా సంఘాలలో నలభై రోజులూ రోజుకొక ఇంట సాయంకాల ప్రార్థన జరుగుతుంది. వీటి పట్టిక తయారుచేయడంలోనే సంఘం మనసు బయటపడుతుంది. అలవాటుగా పక్కా ఇళ్లు, విశాలమైన వరండాలు ఉన్నవారి పేర్లు ముందు పడతాయి. ఒకటే గది ఉన్న ఇల్లు, చర్చికి దూరంగా కాలనీ చివరన ఉన్న ఇల్లు, ఒంటరి విధవరాలి ఇల్లు “వాళ్లకు ఇబ్బంది” అన్న సాకుతో తప్పిపోతాయి. పట్టికను ఆ ఇళ్లతోనే మొదలుపెట్టండి. చోటు చాలకపోతే వీధిలో పట్టాలు పరచుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ ఇంటా తినుబండారాలు పెట్టకూడదని కమిటీ తీర్మానించి, బూడిద బుధవారానికి ముందు ఆదివారమే చదివి వినిపించాలి. ఒక ఇంట ఇడ్లీలు పెడితే మరుసటి రోజు ఇంటివారు అప్పు చేసైనా ఉప్మా వండవలసి వస్తుంది. పేద ఇల్లాలు ఆ భయంతోనే తన వంతు వద్దంటుంది. మంచినీళ్లు చాలు. కూలి మానుకొని ఏర్పాట్లు చేయవలసిన అగత్యం ఏ ఇంటికీ కలగకూడదు.

కూటం ముప్పావు గంటకు మించనవసరం లేదు. ఒక కీర్తన, వాక్యం, పది పన్నెండు నిమిషాల వర్తమానం, ఆ ఇంటివారి అవసరాల కోసం ప్రార్థన, ఆశీర్వాదం. వర్తమానం అయ్యగారొక్కరే ఇవ్వాలన్న నియమం లేదు. ఉపదేశి, స్త్రీల మైత్రి సభ్యులు, చదువుకున్న యవనస్థులు వంతులు వేసుకోవచ్చు. నలభై రోజులకూ వాక్యభాగాలను ముందే ఎంచి ఒక కాగితం మీద అచ్చువేసి పంచితే, రాలేనివారు ఇంట్లోనే చదువుకుంటారు. కువైట్‌లోనో, హైదరాబాదులోనో ఉన్న కొడుకు తన ఇంటి వంతు రోజున ఫోనులో కలిసేలా ఏర్పాటు చేస్తే, ఒంటరిగా ఉన్న తల్లికి అది ఎంత ఓదార్పో చెప్పనక్కరలేదు. మైకు మాత్రం వద్దు. పక్క ఇంట్లో ఎవరి బిడ్డో పరీక్షకు చదువుకుంటూ ఉంటుంది.

ఉపవాసం గురించి ముందుగానే స్పష్టంగా బోధించాలి, ఎందుకంటే భక్తి ఎక్కువై ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉంటారు. మార్చి ఎండలో మిరప చేలో వంగి పనిచేసే మనిషి నీళ్లు కూడా మానితే వడదెబ్బ తగులుతుంది. షుగరుకు మందు బిళ్లలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం మానితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాక్టరును అడగకుండా వారు ఉపవాసం ఉండరాదు. గర్భిణులు, బాలింతలు, పెరిగే పిల్లలు ఉండనక్కరలేదు. వారు నలభై రోజులూ మాంసాహారమో, టీయో, సెల్ ఫోనులో సీరియళ్లో మానుకోవచ్చు. సారా మానుకోదలచిన పురుషుని సంగతి వేరు: ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు గనుక, ఆ తీర్మానం చేసినవారిని అభినందించి వదిలేయకుండా, ఎవరైనా తోడు వెళ్లి ఆసుపత్రిలో చూపించాలి. సంఘంలో పొలాలు, వ్యాపారాలు ఉన్నవారికి యెషయా 58వ అధ్యాయాన్ని తప్పక చదివి వినిపించాలి: ఉపవాస దినాన పనివారిచేత కఠినంగా పని చేయించుకునేవారి ఉపవాసాన్ని దేవుడు అక్కడ ఒప్పుకోలేదు. శుభ శుక్రవారం నాడు కూలీలకు సెలవిచ్చి ఆ రోజు కూలి కూడా ఇవ్వగలిగిన రైతు సంఘంలో ఉంటే, ఆయనతో ఆ మాట ఇప్పుడే మాట్లాడాలి; కోతల మధ్యలో అడిగితే కుదరదు.

మానుకున్న భోజనపు ఖర్చు కానుక డబ్బాలోకి చేరాలి. అట్ట డబ్బాలు, లేదా పిడికెడు బియ్యం వేసుకునే చిన్న సంచులు, బూడిద బుధవారం రాత్రే ఇంటింటికీ అందాలి. ఆ సొమ్ము దేనికో ముందే నిర్ణయించి చెప్పాలి: డయాలసిస్‌కు వెళ్లివచ్చే ఒక కుటుంబపు ప్రయాణ ఖర్చులకో, ఇంటర్ తప్పిన పిల్లల సప్లిమెంటరీ ఫీజుకో. సంఘ సభ్యులు కానివారికి కొంత భాగం చేరితే మరీ మంచిది. గుడి ప్రహరీకి, సౌండు సిస్టానికి ఈ కానుకను మళ్లించవద్దని గట్టిగా మనవి చేస్తున్నాను. ఆకలిని ఆహారంగా మార్చడమే ఈ కానుక పని. మట్టల ఆదివారం నాడు డబ్బాలు తీసుకొని, కోశాధికారితో పాటు మరో ఇద్దరు కూర్చొని లెక్కించి, మొత్తం ఒక్కటే ప్రకటించాలి. ఎవరెంత వేశారో చదివే అలవాటు ఉన్నచోట కనీసం ఈ ఒక్క కానుకకైనా దాన్ని ఆపండి. కుడిచెయ్యి చేసినది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినది ధర్మం చేయడాన్ని గురించే.

శుభ శుక్రవారం నాడు ధ్యానించే, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ప్రసంగీకులను కూడా ఇప్పుడే నిర్ణయించాలి. పన్నెండు నుంచి మూడు గంటల వరకు సాగే ఆరాధనలో కీర్తనలు, ప్రార్థనలు పోగా ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలకు మించి మిగలదు. ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయకపోతే మొదటి ఇద్దరే గంటన్నర తీసుకుంటారు, “తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను” అన్న ఏడవ మాట ఐదు నిమిషాలలో ముగుస్తుంది. “దప్పిగొనుచున్నాను” అన్న ఐదవ మాటను కూలి పని చేసే ఒక సహోదరికి ఇచ్చి చూడండి. ఆమెకు సిద్ధపడడానికి వారాలు కావాలి గనుకనే ఇప్పుడే చెప్పాలంటున్నాను. చదవడం రాకపోతే ఎవరైనా ఆమెకు వాక్యం చదివి వినిపిస్తూ ఉండాలి.

బూడిద బుధవారం నాడు ఒకే ఆరాధన పెట్టి సరిపెట్టవద్దు. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఆటోలు బయలుదేరకముందు అరగంట పాటు ఒకటి, రాత్రి ఎనిమిదింటికి పూర్తి క్రమంతో మరొకటి జరగాలి. తెల్లవారుజామున వచ్చేవారికి గుడి తలుపులు, లైట్లు, బాత్రూములో నీళ్లు సిద్ధంగా ఉండేలా మంగళవారం రాత్రే తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో చెప్పుకోవాలి. రాత్రి ఆరాధన ముగిశాక కూడా అయ్యగారు ఓ అరగంట గుడిలోనే ఉండాలి, బూడిద గిన్నె బల్ల మీదనే ఉండాలి. ఎందుకంటే ఆటో చెడిపోయో, మేస్త్రి లెక్క ఆలస్యమయ్యో ఎవరో ఒకరు చేలో నుంచి నేరుగా, కారం ఘాటు వదలని చేతులతో, తొమ్మిదిన్నరకు వస్తారు.