జావాస్క్రిప్ట్‌లో అర్రేను సరిగ్గా సార్ట్ చేయడం ఎలా?

మార్కులు అనే అర్రేలో (విలువల వరుస జాబితాలో) 100, 35, 9, 72 ఉన్నాయనుకుందాం. దీనిపై, విలువలను వరుసలో పేర్చే సార్ట్ మెథడ్‌ను ఊరికే పిలిస్తే వచ్చే వరుస 100, 35, 72, 9. ఎలా పోల్చాలో మనం చెప్పనప్పుడు జావాస్క్రిప్ట్ ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, మార్చుకొని, నిఘంటువులో పదాలను పేర్చినట్టు మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. అందుకే 1తో మొదలయ్యే 100 ముందుకొచ్చి, 9 చివరికి పోతుంది. అన్నీ రెండంకెల సంఖ్యలే ఉన్నప్పుడు ఈ తప్పు బయటపడదు కాబట్టి, సంఖ్యల అర్రేపై పోల్చే ఫంక్షన్ ఇవ్వకుండా సార్ట్‌ను ఎన్నడూ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి మొదట ఆ ఫంక్షన్ రాయండి:

మార్కులు.సార్ట్((అ, ఆ) => అ - ఆ)

వేరియబుల్ పేర్లను ఇలా తెలుగులో పెట్టుకోవచ్చు గాని, మెథడ్ పేరును మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చేయాలి. ఫంక్షన్ ఇచ్చే ఫలితం రుణ సంఖ్య అయితే అ ముందు వస్తుంది, ధన సంఖ్య అయితే ఆ ముందు వస్తుంది, సున్నా అయితే రెండూ సమానం. పెద్ద సంఖ్య ముందు రావాలంటే ఆ - అ అని రాయండి. చాలామంది ఇక్కడ అ > ఆ అని రాస్తారు. దానికి ట్రూ, ఫాల్స్ తప్ప రుణ ఫలితం ఎప్పుడూ రాదు కనుక వరుస తప్పవచ్చు.

తర్వాత డేటాను చూసుకోండి. మార్కుల మధ్య ఎక్కడైనా "గైర్హాజరు" అనే మాట ఉంటే తీసివేత ఫలితం సంఖ్య కాకుండా పోతుంది, దాన్ని జావాస్క్రిప్ట్ సున్నాగా భావిస్తుంది, దాంతో చుట్టుపక్కల విలువల వరుస కూడా చెదిరిపోవచ్చు. అలాంటివాటిని సార్ట్‌కు ముందే వేరు చేయాలి.

సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది; కాన్‌స్ట్ అని (పేరుకు మళ్లీ వేరే విలువ ఇవ్వడానికి వీల్లేకుండా) ప్రకటించినా ఇది ఆగదు. పాత వరుస కూడా కావాలంటే జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో చేరిన టూసార్టెడ్‌ను వాడండి, అది కొత్త అర్రేను ఇస్తుంది.

విద్యార్థుల జాబితాను మార్కుల ప్రకారం పేర్చి, సమాన మార్కులున్నవారిని పేర్ల వరుసలో ఉంచాలంటే, ముందు పేరుతో, ఆ తర్వాత మార్కులతో సార్ట్ చేస్తే చాలు. సమానమైనవాటి పాత క్రమం చెదరకూడదన్నది 2019 ప్రమాణం నుంచి తప్పనిసరి.

తెలుగు పేర్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కంప్యూటర్ అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో ళ అక్షరం వ కంటే ముందుంటుంది, మన వర్ణమాలలోనేమో హ తర్వాత వస్తుంది. అందువల్ల మామూలు సార్ట్ "కళ"ను "కవి" కంటే ముందు పెడుతుంది. పేర్లను పోల్చడానికి తెలుగు భాషా కోడ్‌తో, భాషను బట్టి పదాలను పోల్చే లోకేల్‌కంపేర్‌ను వాడి, మీ ప్రోగ్రామ్ నడిచే బ్రౌజర్‌లో ఈ రెండు పదాలూ ఏ వరుసలో వస్తున్నాయో ముందుగా పరీక్షించుకోండి.