పది గ్రాముల బూమిలివర్‌కి జిగురు పెట్టడం ఎలా

"ఆంటీ, ఏ గ్లూ వాడాలి?" బాల్సా అనే బాగా తేలికైన చెక్కతో పని మొదలుపెట్టే ప్రతి పిల్లా పిల్లాడూ నన్ను ముందుగా అడిగేది ఇదే. నేనిచ్చే జవాబు వాళ్లకి నచ్చదు. "ముందు పుల్ల కోసి చూపించు, గ్లూ సంగతి తర్వాత" అంటాను. ఎందుకంటే అతుకు గట్టిగా ఉంటుందా లేదా అన్నది జిగురు సీసా మూత తీయకముందే తేలిపోతుంది.

నేను కాకినాడలో సివిల్ చదివి, ఇప్పుడు డాలస్ దగ్గర భవనాల డిజైన్ చేస్తున్నాను. వారాంతాల్లో మా గరాజ్‌లో సైన్స్ ఒలింపియాడ్ (ఇక్కడి స్కూలు పిల్లల సైన్స్ పోటీలు) పిల్లలకి సాయం చేస్తుంటాను. ఆ పోటీల్లో బ్రిడ్జ్, టవర్, బూమిలివర్ అనే ఈవెంట్లు వంతులవారీగా వస్తుంటాయి. బూమిలివర్ అంటే బజార్లో షాపు బోర్డుని పట్టుకుని గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే ఇనప బ్రాకెట్ లాంటిదే, కాకపోతే చెక్కతో చేస్తారు. ఒక చివర గోడకి బిగిస్తారు, రెండో చివర నుంచి బకెట్ వేలాడదీసి ఇసుక పోస్తారు. సాధారణంగా 15 కిలోల దాకా మోయాలి. మోసిన బరువుని చట్రం బరువుతో భాగిస్తే వచ్చేదే స్కోరు. కొలతలు, ఇతర షరతులు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది రూల్స్ పిల్లలే మొదటి నుంచి చివరి దాకా చదవాలి.

జిగురు ఎందుకింత ముఖ్యమో ఒక లెక్క చూడండి. 10 గ్రాముల చట్రం 15 కిలోలు మోస్తే స్కోరు 1500. చట్రంలో 40 అతుకులున్నాయనుకుందాం. ఒక్కో అతుకు మీద 12 మిల్లీగ్రాముల జిగురు అదనంగా పడితే మొత్తం దాదాపు అర గ్రాము. స్కోరు 1430 దగ్గరికి దిగిపోతుంది. కంటికి కనిపించనంత జిగురుతో 70 పాయింట్లు గల్లంతు.

కొనేటప్పుడే పుల్లల్ని వేరుచేయడం మొదలుపెట్టండి. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది, ఏ రెండు పుల్లలూ ఒకేలా ఉండవు. ఒకే కట్టలో, 1/8 అంగుళం మందం, 36 అంగుళాల పొడవున్న పుల్లల్లో ఒకటి 1 గ్రాము తూగితే పక్కది 2 గ్రాములు తూగొచ్చు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు కొనండి, మిగతా సామానంతటి కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. తూచిన బరువు పుల్ల మీదే పెన్సిల్‌తో రాయించండి.

తర్వాత వేలి పరీక్ష. కోసిన పుల్లని వంటింటి త్రాసు మీద నిలువుగా నిలబెట్టి, పై కొసని వేలితో మెల్లగా నొక్కండి. అంకె పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగిపోతుంది, అదే క్షణంలో పుల్ల నడుము దగ్గర విల్లులా వంగడం మొదలవుతుంది. ఆగిన అంకే ఆ పుల్ల నొక్కుడికి తట్టుకునే హద్దు. ఒకే బరువున్న రెండు పుల్లల్లో ఒకటి రెండోదానికంటే బాగా ఎక్కువ తట్టుకోవడం పిల్లలు అక్కడికక్కడే చూస్తారు. పుల్లని సగానికి కోసి మళ్లీ నొక్కమనండి: పొడవు సగమైతే బలం నాలుగింతలు. అడ్డపుల్లలు ఎందుకు పెడతామో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కోత. బ్లేడు కొత్తది ఉండాలి. మొద్దుబారిన బ్లేడు బాల్సాని కోయదు, నలిపేస్తుంది. నలిగిన కొస జిగురుని స్పంజిలా పీల్చుకుంటుంది కానీ పట్టు ఇవ్వదు. గీసిన గీత కంటే వెంట్రుకవాసి పొడవుగా కోసి, చదునైన చెక్కకి అంటించిన శాండ్ పేపర్ మీద కొసని రుద్దుతూ గీత దాకా రావాలి. తర్వాత ఆ దుమ్ముని మెత్తటి బ్రష్‌తో దులపాలి. దుమ్ము మీద వేసిన జిగురు దుమ్ముకే అంటుకుంటుంది, చెక్కకి కాదు. ఇక అసలు పరీక్ష: రెండు పుల్లల్నీ జిగురు లేకుండా ఆనించి, ఫోన్ లైట్‌కి అడ్డంగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ రుద్దాల్సిందే. "గ్లూ నింపేస్తుందిలే ఆంటీ" అంటారు. నింపదు. నింపినా అక్కడున్నది బరువే, బలం కాదు.

జిగురు విషయంలో నా పద్ధతి ఇది. లాగుడు పడే అతుకులకి మామూలు పసుపురంగు వుడ్ గ్లూ. నొక్కుడు పడేవాటికీ, సన్నటి అడ్డపుల్లలకీ పల్చటి సూపర్ గ్లూ. రెండు మూడు సెకన్లలో పట్టుకుంటుందని అంతా సూపర్ గ్లూతోనే లాగించేసే పిల్లలున్నారు. కానీ అది పెళుసు. ఇసుక పడుతున్నప్పుడు బకెట్ ఊగి కుదుపు తగిలితే టక్కున ఊడుతుంది. వుడ్ గ్లూ కాస్త సాగి ఓర్చుకుంటుంది. పాలియురేథేన్ రకం పొంగుతుంది, ఎపాక్సీ బరువు. ఆ రెండూ మా గరాజ్‌లోకి రావు. సూపర్ గ్లూని తొందరపెట్టే స్ప్రే కూడా రాదు. దానితో అతుకు మీద తెల్లగా నురగ కట్టి, ఉన్న పెళుసుతనం ఇంకా పెరుగుతుంది.

సూపర్ గ్లూని సీసాతో నేరుగా ఎప్పుడూ వేయకండి. కుట్టుసూది ఒకటి తీసుకుని, దాని కన్ను పైభాగాన్ని ఆకురాయితో అరగదీస్తే రెండు పళ్ల బుల్లి ఫోర్కు తయారవుతుంది. మొన ఉన్న వైపుని పెన్సిల్ రబ్బరులో గుచ్చితే అదే పిడి. ఆ రెండు పళ్ల మధ్య చిన్న చుక్క నిలుస్తుంది. అప్పటికే బిగువుగా ఆనించి ఉంచిన అతుకు అంచుకి దాన్ని తాకిస్తే చుక్క తనంతట తనే సందులోకి పాకిపోతుంది, బాల్సా రంగు సన్నగా ముదురుతుంది. ఆ ముదురు రంగు అతుకు చుట్టూ గీతలా కనిపిస్తే సరిపోయింది, రెండో చుక్క వద్దు. ఇది గాలిలో తేమతో గట్టిపడే జిగురు. మా రాజమండ్రి ఉక్కపోతలో రెప్పపాటులో పట్టేసేది, ఇక్కడ చలికాలంలో హీటర్ ఆన్‌లో ఉన్న గదిలో బద్ధకిస్తుంది. కంగారుపడి ఇంకో చుక్క వేయకుండా కాసేపు ఆగాలి.

వుడ్ గ్లూని టూత్‌పిక్ మొనతో పెట్టాలి. పుల్ల కొస మీద ముందు పల్చగా ఒక పూత రాసి, అది లోపలికి ఇంకేదాకా కొన్ని నిమిషాలు వదిలేయండి. తర్వాత రెండో పూత రాసి అతికించండి. ఈ మొదటి పూత వేయకపోతే ఉన్న జిగురంతా చెక్క తాగేసి, అతుకు మధ్యలో ఏమీ మిగలదు. పక్కలకి ఉబికిన జిగురుని వెంటనే తుడిచేయాలి. గంట తర్వాత గుండుసూదులు తీయొచ్చు కానీ బరువు వేయడం మాత్రం మర్నాడే.

లాగుడు అతుకు దగ్గర కాస్త ఆగుదాం, బూమిలివర్ ప్రాణం అక్కడే ఉంది. చట్రం 40 సెంటీమీటర్లు ముందుకొచ్చి, గోడ దగ్గర ఎత్తు 20 ఉందనుకోండి. 15 కిలోలు వేలాడితే పైనున్న ఏటవాలు పుల్లల్లో కలిపి 33 కిలోల పైన లాగుడు పడుతుంది. రెండు పక్కలా రెండు పుల్లలుంటే ఒక్కోదానికి దాదాపు 17 కిలోలు. కొసకి కొస ఆనించి అంటించిన అతుకు దీనికి నిలవదు. పుల్ల మీద పుల్ల పడుకోబెట్టి, అంగుళం పైనే ఒరుసుకునేలా అతికించాలి. ఇక్కడ మాత్రం నేను బాల్సాకి బదులు బాస్‌వుడ్ అనే ఇంకాస్త గట్టి చెక్క పెట్టిస్తాను. బరువు కొంచెం పెరిగినా చాలా సన్నటి పుల్లతో పని జరిగిపోతుంది.

కూర్పు బల్లమీద, చాప పరిచినట్టు చదునుగా మొదలవుతుంది. అసలు సైజు డ్రాయింగ్‌ని ఫోమ్ బోర్డు మీద పరిచి, పైన వ్యాక్స్ పేపర్ వేయండి. లేకపోతే చట్రం, డ్రాయింగ్ ఒకటైపోతాయి. గుండుసూదుల్ని పుల్లకి రెండు పక్కలా గుచ్చాలి, పుల్లలోకి కాదు. ఒక పక్క చట్రం పూర్తయ్యాక రెండోదాన్ని అదే డ్రాయింగ్ మీద చేయండి. రెండూ తూచి చూడండి, తేడా ఎక్కువుంటే పుల్లలు మార్చండి. తర్వాత రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టాలి. నిటారుగా పట్టి ఉంచడానికి లెగో ఇటుకల్ని మించినవి లేవు, వాటి మూలలు కచ్చితంగా 90 డిగ్రీలుంటాయి. ముందు గోడ వైపు అడ్డపుల్లలు, తర్వాత కొస వైపువి, చివరికి మధ్యవి. అతికించే ముందు రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా లేకపోతే చట్రం మెలితిరిగిందన్నమాట. మెలితిరిగిన చట్రంలో కింది నొక్కుడు పుల్ల పక్కకి జారి, సగం బరువుకే పోతుంది.

జాగ్రత్తలు కొన్ని. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. నూలు బట్ట మీద సూపర్ గ్లూ ఒలికితే ఉన్నట్టుండి వేడెక్కి చర్మం కాలుతుంది, కాబట్టి పాత టీషర్టుతో తుడవొద్దు. వేళ్లు అంటుకుంటే లాగకండి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తూ విడదీయండి.

అమ్మానాన్నలకి ఒక మాట. "వాడికి హోంవర్క్ ఎక్కువుందండీ, రాత్రి కూర్చుని నేనే అతికించేశా" అని నాతో అనకండి. పిల్లలే కట్టాలన్నది రూలు. పుల్లలు ఆర్డర్ చేయండి, లైట్ పట్టుకోండి, చాలు.

మొదటి చట్రాల్ని విరగ్గొట్టడానికే కట్టాలి. ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి వీడియో తీయండి. చివరికి అంతా కుప్పకూలేది ఎలాగూ కనిపిస్తుంది, మనకి కావాల్సింది మొదట కదిలిందేది అన్నది. తర్వాత ముక్కలు ఏరి అతుకులు చూడండి. విడిపోయిన చోట చెక్క నారలు చిరిగి అంటుకుని ఉంటే అతుకు మంచిదే, పుల్లే చాలలేదు. నున్నగా, మెరుస్తూ విడిపోతే కోతలోనో, దుమ్ములోనో, ఆరిపోయాక అతికించడంలోనో తప్పుంది. తర్వాతి చట్రంలో ఒక్కటే మార్చండి. నాలుగు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పోటీకి తీసుకెళ్లే చట్రాన్ని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బాల్సా గాలిలో తేమని పీల్చుకుని బరువెక్కుతుంది. ముందు రోజు రాత్రి తూచిన బరువు డబ్బా మీద రాసిపెట్టి, డబ్బాని తూకం బల్ల దగ్గరికి వెళ్లాకే తెరవమనండి.