రెండో శనివారం, నాలుగో శనివారం: బ్లాగు ఆగిపోకుండా నడుపుకోవడం

తెలుగులో ఆగిపోయిన బ్లాగులు ఓ పది తెరిచి చూడండి. చాలావాటిలో చివరి టపా ఒకేలా ఉంటుంది. "ఇటు వచ్చి చాలా రోజులైంది. పనుల ఒత్తిడి వల్ల రాయలేకపోయాను. ఇకనుంచి వారం వారం తప్పకుండా రాస్తాను." కింద తేదీ చూస్తే 2011 అనో 2014 అనో ఉంటుంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.

మా బ్రాంచికి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న లంచ్ దగ్గర అడిగింది, "మేడమ్, నేనూ బ్లాగు మొదలుపెట్టాను, నాలుగు రాసేసరికి ఆగిపోయింది. మీరు ఇన్నేళ్ళుగా ఎలా రాస్తున్నారు?" అని. క్యారేజీ సర్దుకునేలోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. నేనేమీ రచయిత్రిని కాను. గుంటూరులో కాపురం, తెనాలిలో బ్యాంకు ఉద్యోగం, రోజూ రైలు. కథలూ నవలలూ రాసేవాళ్ళ పద్ధతులు వేరే ఉంటాయేమో. ఇది మాత్రం ఇల్లూ ఆఫీసూ రెండూ లాక్కొచ్చే మనిషి పద్ధతి.

ముందుగా ఏ రోజో తేల్చుకోండి

"వారానికొకటి" అనేది ఆవేశంలో వేసుకునే లెక్క. జనవరి ఒకటిన వేసుకుంటాం, లేకపోతే ఉగాదికి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు బస్సెక్కేసరికి ఆ లెక్క గాలికి పోతుంది. కొత్తగా రోజు సృష్టించుకోకండి, ఇప్పటికే ఖాళీగా ఉన్న రోజేదో చూసుకుని దానికి బ్లాగును కట్టెయ్యండి. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మిగతా శనివారాలు పూర్తి రోజు పని. నా బ్లాగు ఆ రెండు శనివారాల మీదే నడుస్తుంది. నెలకి రెండు టపాలు, అంతే. మధ్యలో ఉత్సాహం పుట్టుకొస్తే రాసి దాచుకుంటాను తప్ప అప్పటికప్పుడు పోస్టు చెయ్యను. ఉత్సాహం వచ్చిన వారం మూడు వేసేసి, రాని నెలలో చేతులెత్తేసేవాళ్ళని చాలామందిని చూశాను.

రోజుతో పాటు మీ ఏడాదిలో రాయలేని నెల ఏదో కూడా ముందే ఒప్పేసుకోండి. నాకది మార్చి. ఖాతాలు ముగించే నెలలో ఇంటికొచ్చి అన్నం తినడమే గొప్ప. అందుకని ఫిబ్రవరిలో రెండు టపాలు ఎక్కువ రాసి పెట్టుకుంటాను. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ తేదీ, టైము ముందే పెట్టే షెడ్యూల్ సౌకర్యం ఉంది. ఆ రోజు రాగానే టపా తనంతట తానే పడుతుంది. టీచర్లకయితే ఇది పరీక్షలూ స్పాట్ వాల్యుయేషనూ ఉండే నెల. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకి మాఘమో శ్రావణమో. నిలవ టపాలకి కాలంతో పని లేని విషయాలు ఎంచుకోండి. ఎండల గురించి రాసిన టపా వానల్లో పడితే నవ్వుతారు.

ఖాళీ చేతులతో కూర్చోవద్దు

అసలు సంగతి ఇక్కడుంది. బ్లాగులు బద్ధకం వల్ల ఆగుతాయంటే నేను నమ్మను. సెలవు రోజున కాఫీ కలుపుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, ఖాళీ పెట్టె తెరిచి "ఇప్పుడేం రాద్దాం?" అని ఆలోచించడం మొదలెడతాం చూడండి, అక్కడ ఆగుతాయి. పొద్దున్నే ఇడ్లీ కావాలంటే ముందురోజే పప్పు నానాలి కదా. రాయడానికి కూర్చునే పొద్దుకి టపా సగం చేతిలో ఉండాలి. ఏరుకోవడం ఒక పని, రాయడం ఇంకో పని. రెండూ ఒకే పూట పెట్టుకోకండి.

నేను ఏరుకునేది రైల్లో. గుంటూరు నుంచి తెనాలి దాదాపు పాతిక కిలోమీటర్లు. మధ్యలో వేజెండ్ల, సంగం జాగర్లమూడి, అంగలకుదురు. బండి గుంటూరు దాటగానే ఫోన్ తీసి, నిన్నటి నుంచి కంటబడినదో చెవినబడినదో ఏదో ఒకటి రెండు ముక్కల్లో రాసిపెడతాను. రాయాల్సింది లేకపోతే లేదు, కానీ ఫోన్ తియ్యడం మాత్రం మానను. దీనికి ప్రత్యేకంగా యాప్ అక్కర్లేదు. వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునే వీలుంది, అది చాలు. మంచి నోట్స్ యాప్ వెతకడం మొదలెడితే అదే ఓ నెల వ్యాపకం అయిపోతుంది.

ఏం రాసుకోవాలన్నది ముఖ్యం. విషయం పేరు రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. "రైల్లో పెద్దవాళ్ళ గురించి రాయాలి" అని పెట్టుకున్నారనుకోండి, రెండు వారాల తర్వాత దాన్ని చూస్తే ఉపన్యాసం తప్ప ఇంకేమీ రాదు. కంటికి కనబడినది కనబడినట్టు రాసుకోవాలి. నా ఫోన్లో ఉన్న ఒక ముక్క ఇది:

"సం. జాగర్లమూడి తాత. టిక్కెట్టు నాలుగు మడతలు. కళ్ళజోడు పెట్టెలో. పెట్టెకి రబ్బరు బ్యాండు. టీసీ రాలేదు."

ఆ శనివారం అది ఇలా మొదలైంది:

"సంగం జాగర్లమూడిలో ఎక్కిన తాత టిక్కెట్టుని నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు పెట్టెలో ఉంచి, పెట్టెకి రబ్బరు బ్యాండు వేసి, జేబులో దోపుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తెనాలి వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. టీసీ రాలేదు. దిగాక గేటు దగ్గరా ఎవరూ లేరు. తాత అక్కడే కాసేపు నిలబడ్డాడు, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని."

తర్వాత మరో నాలుగు పేరాలు రాశాను గానీ టపా అంతా ఈ ముక్కలోనే ఉంది. "టీసీ రాలేదు" అన్న రెండు మాటలు ఆ రోజు రాసిపెట్టుకోకపోతే నాకు మడతలు మాత్రమే గుర్తుండేవి. చూస్తూ ఉన్నప్పుడు ఏది ముఖ్యమో తెలియదు కాబట్టి, ముఖ్యం కానిది కూడా ఒకటి రాసిపెట్టుకోండి.

ఇవి కాక ఏడాది మొత్తానికి ఒక కాగితం ఉంచుకుంటాను, వంటింట్లో క్యాలెండర్ వెనక. ఊళ్ళో ఏ నెలలో ఏం జరుగుతుందో అందులో ఉంటుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. వేసవి మొదట్లో కొత్త మిరపకాయల ఘాటు, ఊరంతా తుమ్ములు. మేలో మిర్చి యార్డుకి సెలవులు, అదే రోజుల్లో ఇంట్లో ఆవకాయ గొడవ. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి. ఫోన్లో ఏమీ దొరకని పక్షంలో ఈ కాగితం ఆదుకుంటుంది.

టపా చిన్నది, ఇంకా చిన్నది

మొదటి టపా పది లైన్లే ఉంటుంది. నలుగురు బాగుందంటారు. రెండోది ఇంకాస్త బాగా రావాలనుకుంటాం. నాలుగోదానికి వచ్చేసరికి గ్రంథం తలకెత్తుకుంటాం. మా గుంటూరు బ్రాడీపేట గురించి రాద్దామనుకుంటే ఆ పేరెలా వచ్చింది, ఆ లైన్లూ అడ్డరోడ్లూ ఎవరు గీశారు, కోచింగ్ సెంటర్లు ఎప్పుడు దిగాయి, అన్నీ చేర్చాలనిపిస్తుంది. అదింక ఎప్పటికీ చిత్తుప్రతిగానే ఉండిపోతుంది. ఆ ఊసంతా పక్కనపెట్టి, హాల్ టికెట్లు వచ్చే రోజుల్లో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడే పిల్లల వరుస గురించి రాయండి. బ్రాడీపేట మొత్తం అందులోంచే తొంగిచూస్తుంది, చూడకపోయినా నష్టం లేదు. ఒక టపాకి ఒక మనిషి, లేదా ఒక వస్తువు, లేదా ఒక గంట. ఇంకోటి గుర్తొస్తే అది వచ్చే శనివారానిది.

టైపింగ్ గురించి ఒక్క ముక్క. లేఖినిలాంటి వాటిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నా, ఫోన్లో జీబోర్డ్ వాడినా ఒకటే. ఏదో ఒకదానికి కట్టుబడండి, రోజుకొకటి మార్చకండి. మైకులో చెప్పి రాయించుకోవడం ఇంట్లో బాగానే కుదురుతుంది. రైలు రొదలో మాత్రం "వేజెండ్ల" అంటే ఏమేం రాస్తుందో దానికే తెలియాలి.

ఎవరూ చదవట్లేదు అనిపించినప్పుడు

పాత రోజుల్లో ఈ బాధ తక్కువ. తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకేచోట చూపించే సైట్లు ఉండేవి: 2006 ప్రాంతం నుంచి వీవెన్ నడిపిన కూడలి, తర్వాత వచ్చిన హారం, మాలిక. టపా వెయ్యగానే వాటిలో కనబడేది, సాయంత్రానికల్లా వ్యాఖ్యలు పడేవి, ఆ వ్యాఖ్యల్లోనే చిన్నా పెద్దా తగువులూ జరిగేవి. తర్వాత జనం ఫేస్‌బుక్కుకి తరలిపోయారు. నచ్చిన బ్లాగుల కొత్త టపాల్ని ఒకచోట తెచ్చిపెట్టే గూగుల్ రీడర్‌ని 2013 జూలైలో మూసేశాక బ్లాగుల్ని వరుసపెట్టి చదివే అలవాటు కూడా చాలామందికి తప్పింది. కాబట్టి వ్యాఖ్యలు లేవంటే మీరు బాగా రాయట్లేదని కాదు. చదివేవాళ్ళు వచ్చే దారి మారింది, అంతే.

టపా వేసిన రోజున లెక్కల పేజీ తెరవకండి. అందులో కనబడే వీక్షణల్లో మనుషులెందరో మరలెన్నో ఎవరికీ తెలియదు. దానికి బదులు, ఆ టపా నచ్చుతుందనుకున్న నలుగురైదుగురికి విడివిడిగా లంకె పంపండి. గ్రూపులో వెయ్యొద్దు, గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద పడి కనబడకుండా పోతుంది. విజయవాడలో మా పిన్ని ప్రతి టపా చదివి వాయిస్ మెసేజ్ పెడుతుంది. "ఏమే, ఆ కళ్ళజోడు పెట్టెలు మా నాన్న దగ్గరా ఉండేవే" అని మొదలుపెట్టి పది నిమిషాలు చెబుతుంది. అందులో నాకు ఇంకో టపా దొరుకుతుంది. ఇలాంటి పాఠకురాలు ఒక్కరుంటే చాలు. మీరూ ఇతరుల బ్లాగులకి వెళ్ళి, "సూపర్" అనేసి ఊరుకోకుండా, ఏ వాక్యం నచ్చిందో రాసి రండి.

ఒక శనివారం తప్పితే

తప్పితే తప్పింది. అలవాటు ఇరవయ్యొక్క రోజుల్లో వచ్చేస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. భోజనంతో పాటు ఓ పండు తినడంలాంటి చిన్న పనిని రోజూ ఉండే ఇంకో పనికి జతచేసి చూశారు. అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా కట్టారు. సగటున 66. మనకి పనికొచ్చేది ఇంకోటి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. వాళ్ళు భోజనానికి ముడేసినట్టే నేను బండి గుంటూరు దాటడానికి ముడేసుకున్నాను. మీకది కుక్కర్ పెట్టిన తర్వాతి పది నిమిషాలు కావచ్చు, పిల్లల ట్యూషన్ బయట స్కూటీ మీద కూర్చునే టైము కావచ్చు.

తప్పిన శనివారానికి బదులు మంగళవారం రాత్రి కూర్చుని రాయకండి. అప్పు తీర్చినట్టు రాసిన టపా చదవడానికీ అలాగే ఉంటుంది. నేరుగా తర్వాతి శనివారానికి వెళ్ళిపోండి. ముఖ్యంగా, "క్షమించండి, రాయలేకపోయాను" టపా వెయ్యొద్దు. మీరు రాయలేదని ఎవరూ లెక్కపెట్టుకుని కూర్చోలేదు. ఆ టపా వేశాక మాత్రం మీకే మొహమాటం మొదలవుతుంది, తర్వాత వచ్చేది గొప్పగా ఉండాలని.

రాయకూడనివి

కౌంటర్ దగ్గర విన్నది నా బ్లాగులోకి రాదు. పేరు మార్చినా, ఊరు మార్చినా రాదు. ఖాతాదారు డబ్బు గురించి చెప్పుకున్న మాట నాది కాదు. చుట్టాల గురించి అయితే పోస్టు చెయ్యకముందే వాళ్ళకి ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. మా పెద్దాడపడుచు ఒకసారి మొత్తం విని, "బాగుంది కానీ వదినా, ఆ చీర రంగు నీలం కాదు, నెమలికంఠం" అంది. రంగు మార్చి వేశాను. వద్దంటే అసలు వెయ్యను. ఈ జాగ్రత్త లేక ఇంట్లో మాటపట్టింపులొచ్చి, దాంతో ఆగిపోయిన బ్లాగులూ ఉన్నాయి.

ఇప్పటికే ఆగిపోయి ఉంటే

పాత బ్లాగు తెరవండి. ఏ ఈమెయిల్‌తో మొదలుపెట్టారో గుర్తురాక, పాస్‌వర్డ్ దొరక్కపోతే దానికోసం నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకోకండి, కొత్తది తెరిచి పాతదానికి లంకె ఇచ్చుకోండి. తెరుచుకుంటే ముందు ఉన్నదంతా బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. తర్వాత చిత్తుప్రతులు చూడండి. సగంలో ఆగినవాటిలో పెద్ద పెద్ద శీర్షికలున్నవి చెరిపెయ్యండి, "మన విద్యావ్యవస్థ, ఒక పరిశీలన" లాంటివి. అవి కనబడినంతకాలం కొత్తది రాయబుద్ధి కాదు. వాటిలో ఎక్కడైనా ఒక మనిషో, ఒక మాటో మిగిలి ఉంటే దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. రూపురేఖలు, రంగులు, హెడర్ బొమ్మ మార్చే పని ఆర్నెల్లు ముట్టుకోకండి.

ఇవాళ చూసినదేదో ఎనిమిది లైన్లు రాసి, అక్షరదోషాలు ఒక్కసారి చూసుకుని, సంజాయిషీ లేకుండా వేసెయ్యండి. కింద తేదీ వేసి ఉంటుంది ఎలాగూ. మా బ్రాంచి అమ్మాయికయితే ఇంకో వెసులుబాటు ఉంది. తను వచ్చేది కూడా ఆ బండికే, కిటికీ సీటు కూడా తనదే.