గుడిపై సర్కారు పెత్తనం మీద వ్యాసం రాసేముందు

"గుళ్లను భక్తులకే అప్పగించాలి" అని వాదిస్తూ మనం రాసే వ్యాసాలు చాలావరకు మొదటి పేరాలోనే చతికిలబడతాయి. కోపానికి కొదవుండదు, కాగితమే ఉండదు.

ఒక్క గుడిని పట్టుకోండి, మీ ఊరిదైతే మరీ మంచిది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. మూడేళ్ల జమాఖర్చులు, దేవాదాయ శాఖకు కట్టిన కంట్రిబ్యూషన్ (గుడి ఆదాయంలోంచి ఏటా ఇచ్చే వాటా), ఆడిట్ ఫీజు, సర్వే నంబర్ల వారీగా భూములు, కౌలు వేలం పాటల మొత్తాలు అడగండి. "ఎందుకిలా చేశారు?" అని మాత్రం అడగొద్దు. ఉన్న కాగితానికి నకలివ్వడమే వాళ్ల బాధ్యత, సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. "గుడి సొమ్మంతా ఖజానాకే" అన్న వాక్యం ఈ లెక్కలు చూశాక మీరే కొట్టేస్తారు. శాఖకు ఎంత పోయిందో, ధూపదీపాలకు ఎంత మిగిలిందో పక్కపక్కన వేస్తే చాలు.

ఎక్కువమంది తప్పులో కాలేసేది భూమి దగ్గరే. అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు గడిలో స్వామివారి పేరు, అనుభవదారు గడిలో ఇంకొకరి పేరు కనిపించగానే "కబ్జా" అని రాసేస్తారు. ఆయన వేలంలో పాడుకున్న కౌలుదారు కావచ్చు, ముందు ఆ రసీదు చూడండి. తర్వాత పాత రికార్డుకు వెళ్లండి: ఆంధ్రలో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (మాన్యాల పాత పట్టిక), ఆర్‌ఎస్‌ఆర్ (బ్రిటిష్ కాలపు సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్), తెలంగాణలో సేత్వార్ (నిజాం కాలపు సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసిన రికార్డు). మాన్యం దేవుడికిచ్చారా, అర్చకుడి సేవకిచ్చారా అన్నది అక్కడ తేలుతుంది. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ల 22-ఏ నిషేధిత జాబితాలో (అమ్మకం రిజిస్టర్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో కూడా చూసుకోండి.

చరిత్ర రాసేటప్పుడు అంతా నెహ్రూ మీదకు తోసేయకండి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1817లోనే గుళ్ల ఆస్తుల పర్యవేక్షణకు రెగ్యులేషన్ తెచ్చింది. తిరుమల 1843లో హాథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్లింది. 1920లలో దేవాదాయ చట్టం తెచ్చింది జస్టిస్ పార్టీ, అప్పటి ముఖ్యమంత్రి తెలుగువాడైన పానగల్ రాజా. ధర్మకర్తలు మాన్యాలు మింగుతున్నారన్న ఫిర్యాదులే దానికి ఊతం. ఇది మన వాదానికి ఇబ్బందే. దాచిపెడితే అవతలివాళ్లు బయటపెడతారు, మీరే చెప్పండి.

చట్టం విషయంలో, మతసంస్థలకు తమ వ్యవహారాలు నడుపుకునే హక్కిచ్చే రాజ్యాంగం 26వ అధికరణాన్ని సగమే ఎత్తి రాయకండి. ఆస్తుల నిర్వహణ "చట్ట ప్రకారం" అని అందులోనే ఉంది. మనకు పనికొచ్చే తీర్పులు రెండు. 1954 శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మద్రాసు చట్టంలోని వార్షిక వసూలును ఫీజు కాదు, పన్నేనని కొట్టేసింది. 2014 చిదంబరం తీర్పులో, అవకతవకల పేరుతో ఆలయ నిర్వహణను చేతిలోకి తీసుకున్నా అవి సరిదిద్దేవరకే ఉంచుకోవాలంది. రెండోదే గట్టి ఆయుధం. 1996లో వంశపారంపర్య అర్చకత్వం రద్దును సమర్థించిన తీర్పు మనకు ఎదురు, దాన్నీ ప్రస్తావించాలి.

ఆఖరి పేరాలో మూడింటికి జవాబుండాలి. ఈవో (సర్కారు నియమించే కార్యనిర్వహణాధికారి) లేని రోజున హుండీ తాళం ఎవరి దగ్గర? లెక్కింపుకు సాక్షులెవరు? ధర్మకర్త తప్పు చేస్తే తీసేసేదెవరు? ఇవి తేలకపోతే వ్యాసాన్ని ఇంకో వారం ఆపండి.