మూడు సర్వర్ల మధ్య వైర్‌గార్డ్: పింగ్ వెళ్తుంది, పెద్ద ఫైలు వెళ్లదు

క్లస్టర్‌లో మూడు సర్వర్లను వైర్‌గార్డ్‌తో, అంటే వాటి మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన దారి (టన్నెల్) వేసే వీపీఎన్‌తో, కలిపాను: 10.10.0.1, 10.10.0.2, 10.10.0.3. అన్నిటా యూడీపీ పోర్టు 51820 తెరిచే ఉంది, హ్యాండ్‌షేక్‌లూ (సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పలకరింపులు) కనిపిస్తున్నాయి. అయినా ఒకటో సర్వరు నుంచి పింగ్ (చిన్న పరీక్ష ప్యాకెట్) మూడోదానికే వెళ్తోంది, రెండోది పలకట్లేదు.

తప్పు అలౌడ్ ఐపీస్ వరుసలో ఉంది. ఏ అడ్రసులు ఏ పీర్‌కు (అవతలి సర్వరుకు) వెళ్లాలో చెప్పేది అదే. రెండు పీర్లకూ 10.10.0.0/24 (10.10.0తో మొదలయ్యే అడ్రసులన్నీ) అనే రాశాను. ఒకే రేంజి ఒక్క పీర్‌కే చెందుతుంది. కింద రాసిన పీరు పైదాని దగ్గర్నుంచి లాగేసుకుంటుంది, ఎర్రరేమీ రాదు. ప్రతి పీర్‌కూ దాని సొంత అడ్రసు మాత్రమే, /32తో (ఆ ఒక్క అడ్రసే అని అర్థం) రాయాలి. సేవ్‌కాన్ఫిగ్ (నడుస్తున్న సెట్టింగులను ఫైల్లోకి రాసే ఆప్షన్) ఆన్‌లో ఉంటే ఇంటర్‌ఫేస్‌ను దించాకే ఫైలు మార్చండి. లేదంటే దించేటప్పుడు పాత సెట్టింగులే తిరిగి రాసేస్తుంది. నన్నడిగితే ఆ సేవ్‌కాన్ఫిగ్ లైను తీసేయడమే మేలు.

తర్వాత అసలు తలనొప్పి. ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) బాగానే ఉంది, డేటాబేస్ కాపీ మాత్రం మొదలై ఆగిపోతోంది. సర్వర్ల మధ్య నెట్‌వర్కు ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1450. ఇంటర్‌ఫేస్‌ను చేత్తో సృష్టించడంతో టన్నెల్‌కు డిఫాల్ట్ 1420 వచ్చింది. ఐపీవీ4 మీద వైర్‌గార్డ్ 60 బైట్లు కలుపుతుంది: 20 ఐపీ, 8 యూడీపీ, 32 తనవి. మొత్తం 1480, నెట్‌వర్కు మోసే 1450 కంటే ఎక్కువ. ప్యాకెట్ ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని దారిలో ఫైర్‌వాల్ పారేస్తోంది.

విడగొట్టొద్దన్న ఆప్షన్‌తో టన్నెల్ లోపల పింగ్ చేస్తే 1348 సైజు దాటింది, 1392కి (పింగ్ హెడర్లు 28 కలిపితే 1420) జవాబు లేదు. ఐపీవీ6కి 80 బైట్లు కావాలి కాబట్టి, 1450లోంచి అవి తీసేసి టన్నెల్ ఎమ్‌టీయూ 1370 పెట్టాను, మూడింటి మీదా. ఒక్కదాని మీదే మారిస్తే మిగతా రెండిటి మధ్య కాపీ మళ్లీ వేలాడుతుంది.