మాటల మధ్య తేడాలు – ఐదో పాఠం: గట్టిగా చెప్పడం

గత పాఠంలో సందేహాన్ని తెలిపే ‘అట’, ‘కాబోలు’, ‘ఏమో’ వంటి మాటలను చూశాం. ‘వస్తారట’ అన్నది ఇతరుల నుంచి విన్న సంగతి అనీ, ‘వస్తారు కాబోలు’ అన్నది మన ఊహ అనీ అభ్యాసంలో గుర్తించినవారు ఈ పాఠానికి సిద్ధమైనట్టే. ఇప్పుడు దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని, అంటే ఒక విషయాన్ని సందేహానికి తావు లేకుండా చెప్పడానికి తెలుగులో ఉన్న మాటలను పరిశీలిద్దాం.

నిఘంటువులో ఇవన్నీ దాదాపు ఒకే అర్థంతో కనిపిస్తాయి కాబట్టి, ఒకదాని బదులు మరొకటి వాడినా ఫరవాలేదన్న భ్రమ సులభంగా కలుగుతుంది. నిజానికి ఈ మాటల ఎంపిక చెప్పేవారి గొంతు మీద కంటే, వినేవారు అప్పటికి ఏ స్థితిలో ఉన్నారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

‘గడువు పొడిగించేది లేదని అధికారి చెప్పారు’ అన్న వాక్యాన్ని తీసుకోండి. ఇది కేవలం సమాచారం. ‘నొక్కి చెప్పారు’ అని మారిస్తే, ఆయన చెప్పిన అనేక విషయాల్లో దీనికి ప్రత్యేకంగా బరువు ఇచ్చారనీ, వినేవారు మరచిపోతారన్న జాగ్రత్త ఆయనకు ఉందనీ తెలుస్తుంది. ‘తెగేసి చెప్పారు’ అంటే దృశ్యమే మారిపోతుంది: ఎవరో బతిమాలారు, బేరమాడారు, ఆయన ఆ సంభాషణను అక్కడితో తెంచేశారు. ‘ధ్రువీకరించారు’ అంటే ఆ సంగతి అంతకు ముందే ప్రచారంలో ఉంది, ఆయన అది నిజమేనని తేల్చారు. అందుకే ఎవరూ వినని కొత్త విషయాన్ని మొదటిసారి చెప్పినప్పుడు ‘ధ్రువీకరించారు’ అని రాయడం పొరపాటు. ఒక్క క్రియ మారేసరికి, వాక్యంలో ఎక్కడా లేని ఎదుటి మనిషి కూడా మనకు కనిపిస్తున్నాడు చూడండి. ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇదే.

‘తెగేసి’లో ఉన్న కోత ‘ఖండితంగా’ అన్న మాటలోనూ ఉంది. ‘ఖరాఖండిగా’ కూడా దాదాపు ఇదే పని చేస్తుంది. అయితే ‘ఖండితంగా చెప్పారు’, ‘ఖండించారు’ అన్నవాటిని కలపకూడదు. మొదటిది తన మాటను గట్టిగా నిలపడం, రెండోది ఎదుటివారి మాటను కాదనడం.

ఇక బొమ్మ కట్టించే పలుకుబళ్లు. ‘బల్లగుద్ది చెప్పడం’లో విషయం నిజమన్న పూచీని చెప్పేవారు తమ మీద వేసుకుంటారు; ఎదుటివారు నమ్మడం లేదు కాబట్టే బల్ల గుద్దవలసి వచ్చింది. ‘కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం’లో నమ్మకం ప్రసక్తి తక్కువ. అందరూ లోలోపల దాచుకున్న మాటను, మొహమాటం వదిలి బయటపెట్టడమే అక్కడ ముఖ్యం. కాబట్టి ‘భూమి గుండ్రంగా ఉందని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు’ అన్న వాక్యం పొసగదు, ఎందుకంటే అందులో దాపరికం ఏమీ లేదు. ‘ఢంకా బజాయించి చెప్పడం’ నలుగురికీ వినిపించాలన్న ఉత్సాహం ఉన్నచోట నప్పుతుంది. రోగి కోలుకోవడం లేదని వైద్యుడు ఢంకా బజాయించి చెప్పాడని రాస్తే, ఆ వైద్యుడికి తీరని అన్యాయం చేసినవాళ్లమవుతాం.

‘ఘంటాపథంగా’ అన్న మాట మీద కొంచెం ఆగడం న్యాయం. సంస్కృతంలో ఘంటాపథం అంటే రాజమార్గం. కిరాతార్జునీయానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు కూడా ఇదే. తెలుగులో అది జంకు లేకుండా, తడబాటు లేకుండా చెప్పడమన్న అర్థంలో స్థిరపడింది. నా దృష్టిలో ఈ వరుసలో ఇంత హుందాగా ఉన్న మాట మరొకటి లేదు. వాదనకు ఆధారం ఉన్నచోటనే దాన్ని వాడితే ఆ హుందాతనం నిలుస్తుంది.

‘వక్కాణించు’ అన్నది ‘వ్యాఖ్యానం’ నుంచి వచ్చిన తద్భవం. నేటి వాడుకలో అది ఎక్కువగా ‘నొక్కి వక్కాణించారు’ అన్న జంటగానే వినిపిస్తుంది. ‘ఉద్ఘాటించు’ అన్నది సభలకూ పత్రికలకూ చెందిన మాట. హిందీలోనూ కన్నడంలోనూ ఇదే పదం ప్రారంభోత్సవాన్ని తెలుపుతుంది కనుక, ఆ భాషల నుంచి అనువదించేవారు జాగ్రత్తగా ఉండాలి. ‘పునరుద్ఘాటించు’లో ‘మళ్లీ’ అన్న అర్థం ముందే ఉంది. ‘మళ్లీ పునరుద్ఘాటించారు’ అని రాయనక్కరలేదు.

క్రియను మార్చకుండానే గట్టిదనం తెచ్చే మార్గాలూ ఉన్నాయి. ‘మాటు’ అంటే సారి. ‘ముమ్మాటికీ తప్పే’ అన్నప్పుడు మూడుసార్లు అడిగినా అదే జవాబు అన్న భావం వస్తుంది. ‘చేసి తీరుతాను’లో పట్టుదల ఉంది. ‘చేయక తప్పదు’లో అంతే నిశ్చయం ఉన్నా, ఇష్టం మాత్రం లేదు.

అభ్యాసం: ‘ఈ ఇల్లు అమ్మేది లేదని పెద్దాయన ––– చెప్పాడు’ అన్న వాక్యంలో ‘నొక్కి’, ‘తెగేసి’, ‘కుండ బద్దలు కొట్టినట్టు’ అన్నవాటిని ఒక్కొక్కటిగా పెట్టి, ప్రతిసారీ దానికి ముందు జరిగి ఉండగల సంభాషణను రెండు వాక్యాల్లో రాయండి. మూడు సంభాషణలూ ఒకేలా వస్తే, పై ఉదాహరణను మరోసారి చదివి మళ్లీ ప్రయత్నించండి. వచ్చే పాఠంలో ‘చెయ్యనే చెయ్యను’ వంటి నిరాకరణ రూపాలను చూద్దాం.